వెనక సీటు చివర

రావులపాలెం దగ్గర కాఫీ కప్పులు రెండూ పట్టుకొచ్చి కారు వెనక తలుపు తీసిన సూరిబాబుకి వెనక సీటు రెండో చివర కనబడటం లేదు. చంద్రావతమ్మగారు కూర్చున్నది ఆ చివరే.

అతను కాఫీ ఒలక్కుండా వంగి మళ్ళీ చూస్తాడు. సీటు ఉంది. తేనెరంగు తోలు, దాని మీద తెల్ల దారంతో రెండు వరసల కుట్టు, అన్నీ పొద్దున తను పసుపు గుడ్డ పెట్టి తుడిచినవే. తలుపు పక్కనే ముదునూరి విజయగోపాలరాజుగారు ఎప్పటిలాగే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. ఆయన పక్కన పాటల పెట్టెల సంచి ఉంది. సంచి తరవాత సీటు అలా పోతూనే ఉంది. రైలు పట్టాలు దూరాన ఒకటైనట్టు, ఆ రెండు కుట్లూ ఎక్కడో ఒక చుక్కలో కలుస్తున్నాయి.

కారు మాత్రం పెరగలేదు. సూరిబాబు ఒక అడుగు వెనక్కి వేసి బయటినుంచి కొలుస్తాడు. ఈ తలుపుకీ ఆ తలుపుకీ మధ్య ఎంత ఉండాలో అంతే ఉంది. కాఫీ బడ్డీ బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవరు ఒకడు కారు వైపే చూస్తున్నాడు గానీ, ఆశ్చర్యంతో కాదు. అంత మంచి కారు కాబట్టి చూస్తున్నాడు.

సూరిబాబు చుట్టూ తిరిగి వెళ్ళి కప్పులు కారు పైన పెట్టి కుడి తలుపు తీస్తాడు. అటునుంచి చూస్తే అసలు సీటే లేదు. తలుపు తియ్యగానే పాటల సంచి, ఆ వెంటనే రాజుగారి మోచెయ్యి. మధ్యలో మనిషి కాదు, చీర మడత పెట్టడానికి కూడా చోటు లేదు. అతను తలుపు మూస్తాడు. ఖరీదైన కార్ల తలుపులు చప్పుడు చెయ్యవు, ఇదీ చెయ్యదు.

రాజుగారికి ఈ లోకంలో ఇష్టాలు మూడు. ఒకటి కార్లు. ఆయన భీమవరం ఇంట్లో ఇది నాలుగోది, అన్నింటికన్నా నిశ్శబ్దమైనది. రెండోది పాటల యంత్రాలు. శ్రుతి పెట్టెలు, తాళం కొట్టే పెట్టెలు, గాలిలో చెయ్యి ఊపితే మోగే పెట్టెలు, బయటి చప్పుడంతా మింగేసే హెడ్‌ఫోన్లు. మూడోది తోటలు. అడవిలా పెరిగేవి కాదు, దారం కట్టి నాటి, గీత గీసి కత్తిరించినవి. అలాంటి తోట ఎక్కడుందని తెలిసినా మూడు ఇష్టాలూ ఒకేసారి తీరేలా బయల్దేరుతారు. ఇవాళ కూడా అంతే. కాకినాడ అవతల ఎవరో పాత జమీందారు వేయించిన తోట ఒకటి చూడాలి.

సూరిబాబు కప్పులు తీసుకుని మళ్ళీ ఎడమ తలుపు దగ్గరికి వచ్చి ఆయన భుజం తడతాడు. రాజుగారు హెడ్‌ఫోన్లు తియ్యరు. కళ్ళు తెరిచి, ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటారు. మూడేళ్ళుగా అదే అలవాటు.

“ఏం జరిగింది?”

“సీటండి.”

“సీటుకేం జరిగింది?”

“సీటుకేం జరగలేదండి. సీటే జరిగిందండి.”

“ఎటు?”

“అమ్మగారున్న వైపండి.”

“ఎంత?”

“కంటికి ఆనటం లేదండి, రాజుగారండీ.”

రాజుగారు కాఫీ అందుకుని ఒక గుక్క తాగుతారు. “పరాయి దేశం బండి మరి. కూర్చునేవాళ్ళకి చోటెంత కావాలో వాళ్ళకి తెలుసు” అంటారు.

“మరి అమ్మగారి కాఫీయండి?”

“ఇచ్చిరా. చల్లారితే తాగదు.”

ఆయన కళ్ళు మూసుకుంటారు. పైనున్న కాలు గాలిలో తాళం వేస్తోంది.

సూరిబాబు చెప్పులు రోడ్డు మీద విడుస్తాడు. తోలు సీటు మీద చెప్పులతో ఎక్కడం పద్ధతి కాదు. రాజుగారి మోకాళ్ళు దాటడమూ పద్ధతి కాదు గానీ, వేరే దారి లేదు. తలకి కారు పైకప్పు తగులుతుందని వంగుతాడు. నాలుగు అడుగులు వేశాక పైకప్పు తగలడం మానేస్తుంది. పది అడుగులకి నిటారుగా నడుస్తున్నాడు.

పద్దెనిమిదేళ్ళ కొలువు. లైసెన్సు కోసం సంతకం చెయ్యడం నేర్పింది చంద్రావతమ్మగారు. ‘ఓలేటి సూరిబాబు’ అని పలక మీద రాసి దిద్దించారు. ఆవిడ్ని సీటు చివర వదిలేసి బండి తీసేవాడు కాదు సూరిబాబు.

నూరు అడుగుల దగ్గర కాళ్ళకింద తోలు మెత్తబడి గడ్డి అవుతుంది. తేనెరంగు గడ్డే. ఇరుపక్కలా తెల్ల కుట్టు కాస్తా మోకాలెత్తు మొక్కల కంచె అయి, సూటిగా ముందుకు పోతోంది. మధ్యలో సన్నటి నీటి కాలువ, దాని పొడుగునా ఫౌంటెన్లు. నీళ్ళు పైకి లేస్తున్నాయి, కిందికి పడుతున్నాయి, చప్పుడు లేదు. కంచె మీద ఒక పిట్ట నోరు తెరిచి అరుస్తోంది, చప్పుడు లేదు. గాలి చల్లగా, ఎప్పుడూ ఒకేలా వస్తోంది. ఆ గాలికి కొత్త కారు వాసన ఉంది.

ఈ నిశ్శబ్దం గురించే అతను కార్లు ఆపే చోట్ల మిగతా డ్రైవర్ల దగ్గర గొప్పలు పోయేవాడు. మా బండెక్కి తలుపేసుకుంటే మన చేతి గడియారం చప్పుడు మనకి ఇనబడుద్దండీ అనేవాడు. ఇక్కడ గడియారం చప్పుడు కూడా లేదు.

అప్పుడు వెనకనుంచి ఒక శబ్దం వస్తుంది. పొట్టిగా, మెత్తగా. తంబురా తీగ ఒకసారి మీటి వెంటనే అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ శబ్దం అతని పక్కనుంచి దాటి ముందుకు పోతుంది. అది పోయినంత మేరా ముందున్న తోట ఒక గజం దూరం జరుగుతుంది. జరిగిన చోట ఖాళీ మిగలదు. అక్కడ కొత్త మొక్క ఒకటి, అప్పటికే కత్తిరించి ఉంది.

సూరిబాబు అడుగు పెద్దది చేస్తాడు. పరిగెత్తితే కాఫీ ఒలుకుతుంది. కాఫీ ఒలికితే ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకి చూపించడానికి ఏమీ ఉండదు.

తోటమాలి కంచె మలుపులో ఉన్నాడు. కాకీ చొక్కా, నడుముకి సీటు బెల్టు, చేతిలో మూరెడు కత్తెర. ఒక పొద ముందు నిలబడి తల పక్కకి వాల్చి చూస్తున్నాడు.

“కాఫీ ఎవరికి?” అంటాడు, తిరగకుండానే.

“అమ్మగారికండి. ఇంకెంత దూరమండి?”

“ఇందాకైతే పక్కనే. ఇప్పుడైతే ఈ వరసలన్నీ దాటాలి. ఇంకాసేపాగి అడిగితే నాకూ తెలీదు.”

సూరిబాబు పొదని చూస్తాడు. అది పొద కాదు. అంటే పొదే, కానీ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు ఆకుల్లోనే తీర్చి ఉన్నాయి. ఒళ్ళో చేతిసంచి. సంచి మీద రెండు చేతులు, ఎడమ చేతికి గడియారం. మెడ పైన మాత్రం ఇంకా కత్తెర పడని గుబురు.

“ఇది...”

“మీ అమ్మగారే. మెడదాకా వచ్చింది. మొహం ఒక్కటే బాకీ.”

“మొహం అయిపోతేనండి?”

“అసలావిడతో పనేముంది ఇక? ఒకే మనిషి రెండు చోట్ల ఉంటే తోట పొందిక చెడిపోదూ?” తోటమాలి చాలా మామూలుగా అంటాడు.

వెనక ఇంకా పొదలున్నాయి. ఒక వరసలో ఇరవై, ముప్పై. అన్నీ ఆడవాళ్ళే. అందరూ కూర్చునే ఉన్నారు, అందరి ఒళ్ళోనూ చేతిసంచులున్నాయి. అందరి మొహాలూ పూర్తయ్యాయి.

“వీళ్ళెవరండి?”

“వేరే కార్లవాళ్ళు. కార్లు ఎవరివి వాళ్ళవే. తోట మాత్రం అందరికీ ఒకటే.”

“కొంచెం ఆ కత్తెర ఆపండి, మీకు పుణ్యముంటుంది.”

“నేను ఆపితే ఆగేదైతే ఎప్పుడో ఆపి భోజనానికి పోయేవాణ్ణి. ఆ శబ్దం వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఒకసారి పడుతుంది. అంతే.”

శబ్దం వస్తుంది. కత్తెర పడుతుంది. గుబురు కింద చిన్న గడ్డం బయటపడుతుంది. చంద్రావతమ్మగారి గడ్డం, నొక్కుతో సహా.

“ఇంకెన్నిసార్లండి?”

“మొహానికి ఎన్ని కావాలి? ఓ పాతిక.”

సూరిబాబు రెండు చేతులా కప్పు పట్టుకుని నడుస్తాడు. శబ్దం వస్తూనే ఉంది. ఒకటి. రెండు. ఒక్కోసారి వెంటవెంటనే, ఒక్కోసారి కాస్త ఆగి. శబ్దం వచ్చినప్పుడల్లా తోట ఒక గజం అవతలికి జరుగుతుంది, అతను రెండు గజాలు ఎక్కువ నడుస్తాడు. పదకొండో శబ్దానికి మొక్కల కంచెలు మళ్ళీ కుట్లు అవుతాయి. గడ్డి మళ్ళీ తోలు అవుతుంది. సీటు చివర, కిటికీ పక్కన, చంద్రావతమ్మగారు ఒద్దికగా కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి రావులపాలెం అరటి గెలల లారీ కనబడుతోంది, గెలలన్నీ కలిపి అరచేతిలో పట్టేంత.

ఆవిడ మాట్లాడుతున్నారు. ఎదురుగా చూస్తూ, నింపాదిగా, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు.

“...అందుకని ఆ జాడీ నేను ఎండలో పెట్టలేదండీ. పెడితే నూనె పైకి తేలిపోదూ? మీ అక్కగారు పెట్టమన్నారు, నేను తలూపాను, పెట్టలేదు.”

ఆగుతారు. శబ్దం వస్తుంది. చంద్రావతమ్మగారు, కిటికీ, లారీ, గెలలు అన్నీ కలిపి ఒక గజం వెనక్కి పోతాయి. సూరిబాబు ఒక అంగ వేసి అందుకుంటాడు.

“అమ్మగారండీ, కాఫీ.”

“నువ్వా! ఇంత దూరం తెచ్చావా? పంచదార తక్కువేగా?”

“ఆయ్, తక్కువేనండి. అమ్మగారండీ, మీరు ఎంత దూరం వచ్చేశారో చూసుకున్నారాండి?”

“చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యను, పెద్ద కారు కొన్నారు.” ఆవిడ కప్పు అందుకుంటారు. “దూరమైతేనేం. ఆయన వింటూనే ఉన్నారు. నువ్వూ విను, ఎంత చక్కగా ఊఁ కొడతారో.” గొంతు ఏమాత్రం పెంచకుండా, “ఏవండీ, సూరిబాబు కాఫీ తెచ్చాడు” అని ఆగుతారు.

ఊఁ.

ఇప్పుడు సూరిబాబుకి శబ్దం మాటగా వినబడుతుంది. అది తంబురా కాదు. రాజుగారి గొంతు. సీటు ఒక గజం జరుగుతుంది, కప్పులో కాఫీ ఊగి సర్దుకుంటుంది.

“చూశావా? ఇదివరకు ఆ మాత్రం కూడా అనేవారు కాదు. గోడకి చెప్పుకున్నట్టుండేది. మూడేళ్ళనుంచి ఒక్క మాటకీ తప్పడం లేదు.” ఆవిడ మొహంలో గర్వం లాంటిది ఉంది, కొత్త నగ చూపించే మనిషి మొహంలో ఉన్నట్టు. “పోయినేడు మా తమ్ముడు పోయాడని ఫోను వచ్చిన రోజు నువ్వే కదా బండి నడుపుతున్నావు. ఈ సీట్లోనే చెప్పాను, మా చిన్నవాడు పోయాడటండీ అని. ఊఁ అన్నారు. ఎంత మెత్తగా అన్నారనుకున్నావు! దుఃఖంతో మాట పెగల్లేదనుకున్నాను. ఆ ఊఁ పట్టుకునే ఆ నెలంతా ఈదాను సూరిబాబూ.”

ఊఁ.

ఆ రోజు బండి నడిపింది సూరిబాబే. ముందు అద్దంలో అతనికి రాజుగారి కాలు కనబడింది. అది తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. ఆ సంగతి అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడూ అనలేక, సగం మాట చెబుతాడు.

“అమ్మగారండీ, ఆయన ఊఁ అన్నప్పుడల్లా సీటు జరుగుతోందండి. అక్కడ తోటమాలి మీ బొమ్మ చెక్కేస్తున్నాడండి. మొహం అయిపోతే ఇక మీరు రానక్కర్లేదంటున్నాడు. మీరు కాసేపు ఏం చెప్పకండి. మీరు చెప్పకపోతే ఆయన అనరు, ఆయన అనకపోతే ఇది ఆగుద్ది.”

“నేను చెప్పకపోతే ఆయనకి తోచదురా.”

“ఒక్క ఐదు నిమిషాలండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను.”

చంద్రావతమ్మగారు చిన్నపిల్ల ఆటలో నోరు మూసుకున్నట్టు పెదాలు బిగించి, కాఫీ కోసం మాత్రం తెరుస్తారు. ఒక గుక్క. రెండు గుక్కలు. ఫౌంటెన్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు.

ఊఁ.

సీటు జరుగుతుంది. ఆవిడ సూరిబాబు వైపు చూస్తారు.

“నేనేమీ అనలేదు కదా?”

“లేదండి.”

“కాఫీ తాగినప్పుడు గుటక చప్పుడేమైనా...”

“లేదండి.”

ఇద్దరూ మళ్ళీ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఊఁ. కాసేపటికి మళ్ళీ, ఊఁ.

చంద్రావతమ్మగారు కప్పు ఒళ్ళోకి దించుతారు. బియ్యంలో రాయి ఏరే మనిషిలా తల ఒక పక్కకి వాల్చి వింటున్నారు. మూడోది వస్తుంది. నాలుగోది వస్తుంది.

“ఒకటే కొలత” అంటారు చివరికి. “ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మనిషన్నవాడు రెండుసార్లు ఊఁ అంటే రెండూ ఒకలా ఉండవు సూరిబాబూ. ఆకలేసినప్పుడు ఒకలా, నిద్రొచ్చినప్పుడు ఒకలా, విసుగొచ్చినప్పుడు ఒకలా ఉంటాయి. ముప్పై ఒక్కేళ్ళు కాపరం చేశాను, నాకు తెలీదా?”

“ఆయ్.”

“మరి మూడేళ్ళుగా ఎందుకు పట్టుకోలేకపోయాను?”

ఆవిడ లేచి నిలబడి, చీర సర్దుకుని, చేతిసంచి భుజానికి తగిలించుకుంటారు.

“పద. ఆ ఊఁ ఎవరిదో అడుగుదాం.”

ఆవిడ లేవగానే వచ్చిన ఊఁ ఖాళీ సీటుని ఒక గజం అవతలికి జరుపుతుంది. ఆవిడని మాత్రం జరపలేదు. సూరిబాబు ఆ తేడా చూసి ఆవిడ వెనకే నడుస్తాడు.

మలుపు దగ్గర తోటమాలి కత్తెరతో ఎదురవుతాడు. పొదకి ముక్కు వచ్చింది, నోరు వచ్చింది. “కూర్చోండమ్మా, కళ్ళొక్కటే మిగిలాయి” అంటాడు.

“ఆ కళ్ళతో నాకింకా పనుంది” అంటారు చంద్రావతమ్మగారు, ఆగకుండానే.

“నడిచేవాళ్ళని ఇది జరపలేదు, కూర్చున్నవాళ్ళనే జరుపుతుంది. ఆ మాట ఇందాక నాకెందుకు చెప్పలేదయ్యా?” అని నిలదీస్తాడు సూరిబాబు.

“అడిగినవాళ్ళు లేరు. అందరూ ఎంత దూరం అనే అడుగుతారు.”

కూర్చున్న ఆడవాళ్ళ వరస పక్కనుంచి పోతున్నప్పుడు ఆకులు కదులుతాయి. గాలి వల్ల కాదు; గాలి అటునుంచి రావడం లేదు. ఒక పొద చేతిసంచి మీది వేళ్ళు బిగుస్తాయి. ఇంకొక పొద మెడ చంద్రావతమ్మగారు పోతున్న వైపు కొద్దిగా, చాలా కొద్దిగా తిరుగుతుంది. ఆవిడ ఆ పొద దగ్గర ఒక్క క్షణం నిలబడి, దాని భుజం మీద పడిన ఎండుటాకు తీసేస్తారు.

గడ్డి తోలు అవుతుంది. కారు పైకప్పు తల మీదికి దిగుతుంది. ఎదురుగా తెరిచి ఉన్న ఎడమ తలుపు, దాని అవతల రావులపాలెం ఎండ, లారీ డ్రైవరు, అతని చేతిలో ఇంకా అవ్వని టీ.

చంద్రావతమ్మగారు భర్త మోకాళ్ళు దాటి రోడ్డు మీదికి దిగుతారు. ఆయనకి తెలియదు. కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆవిడ వంగి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లు తీస్తారు.

హెడ్‌ఫోన్ల కింద చెవులు లేవు. చెవులుండాల్సిన చోట ఇటూ అటూ నున్నగా, గుండ్రంగా కత్తిరించిన ఆకులున్నాయి. ఒక్క రెమ్మ పక్కకి పోలేదు. మంచి పనితనం అనుకుంటాడు సూరిబాబు, తనకి తెలియకుండానే.

రాజుగారు కళ్ళు తెరిచి భార్య పెదాల వైపు చూస్తారు.

“ఆ ఊఁ ఎవరిది?” అంటారు చంద్రావతమ్మగారు.

ఆయన సంచి మీద చెయ్యి వేస్తారు.

“మీదే అయితే, మీరు వినకపోయినా సరే, ఎక్కి మీ పక్కన కూర్చుంటాను. విసుగుతో అన్నా మీరు అన్నదే కదా అనుకుంటాను. మీది కాకపోతే ఈ బండి ఎక్కను. నిజం చెప్పండి.”

రాజుగారు నోరు తెరుస్తారు. నాదే అనడానికి ఒక్క మాట చాలు. ఆయన పెదాలు ఆ మాట ఆకారానికి వచ్చి కూడా ఆగిపోవడం సూరిబాబు చూస్తాడు. ఆవిడ కూడా చూస్తారు.

“గొంతు నాదే, చంద్రా.”

ఊఁ, అంటుంది సంచి. రాజుగారు కూర్చున్న చోటు, సంచితో సహా, ఒక గజం లోపలికి జరుగుతుంది.

“ఊఁ నాది కాదు. ఈ సంచిలో పెట్టెది. ఎదుటివాళ్ళ మాట ఆగగానే పసిగట్టి అనేలా దాన్ని నేనే దిద్దాను.”

ఊఁ. ఇంకొక గజం.

“లేవండి రాజుగారండీ! లేచి నడిచి వచ్చెయ్యండి!” అని సూరిబాబు చెయ్యి చాపుతాడు. కానీ రాజుగారు చూస్తున్నది అతని పెదాల వైపు కాదు. చంద్రావతమ్మగారి పెదాల వైపు. అవి కదలడం లేదు.

“నువ్వు మాట్లాడుతుంటే ఆలాపన మధ్యలో తెగిపోయేది. మాట్లాడకు అనడానికి నాకు మొహం చెల్లలేదు. వింటున్నాను అనడానికి ఓపిక లేకపోయింది. మధ్యేమార్గంగా ఇది చేశాను.”

ఊఁ.

ఆయన దూరమవుతున్నారు. చెవుల దగ్గరి ఆకులు దవడల మీదుగా భుజాలకి దిగుతున్నాయి, దిగినంత మేరా మూలలు తీర్చి చదరంగా ఉంటున్నాయి. ఇక ఆయన ఎవరి పెదాలూ చూడలేనంత దూరంలో ఉన్నారు. ఇప్పుడు చంద్రావతమ్మగారు ఏమన్నా ఆయనకు తెలిసే దారి లేదు. ఆవిడ మాత్రం హెడ్‌ఫోన్లు చేతిలో పట్టుకుని, చెప్పులు సీటు కిందే వదిలేసిన కాళ్ళు కాలుతున్నా రోడ్డు మీద నిలబడి వింటున్నారు.

“మొదట్లో నువ్వు ఆగితేనే అనేది. ఇప్పుడు నువ్వేమీ మాట్లాడకపోయినా అంటోందేమో. నాకెలా తెలుస్తుంది, నేను వినను కదా.”

ఊఁ.

“మీ తమ్ముడు పోయిన సంగతి నాకు పెద్దకర్మ రోజున తెలిసింది. విస్తరి ముందు కూర్చున్నాక. గోడ మీద ఫొటోకి దండ చూసి.”

ఈసారి ఊఁ అన్నది సంచి కాదు. సీటుకి ఇరుపక్కలా ఒళ్ళో చేతిసంచులు పెట్టుకుని కూర్చున్న పొదలన్నీ ఆయన వైపు తిరిగి ఉన్నాయి. ఒకటి మెత్తగా, ఒకటి విసుగ్గా, ఒకటి నిద్రలో అన్నట్టు, ఒకటి ఏడుపు ఆపుకుని, ఏ రెండూ ఒకలా లేకుండా అవన్నీ ఊఁ కొడుతున్నాయి. సీటు గజం కాదు, కనుచూపు మేర జరుగుతుంది. ఆ చివర ఆకుపచ్చగా, చదరంగా, కాలు మీద కాలు వేసుకున్న చుక్క ఒకటి మిగులుతుంది. దాని గొంతు మాత్రం ఈ నిశ్శబ్దమైన కారులో స్పష్టంగా, పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడుతోంది.

“నిర్లక్ష్యంగా చేసిన పని కాదు, చంద్రా. ఒక పూటంతా గది తలుపులు వేసుకుని నలభై సార్లు ఊఁ అన్నాను. ఆ నలభైనీ ఒక్కొక్కటిగా మళ్ళీ విన్నాను. అందులో ప్రేమగా ఉన్నదే ఏరి పెట్టాను.”